నూకరాజుకు నేను చెప్పిన రెండేళ్ళు

నిన్న పొద్దున ల్యాబ్‌లో గ్లవ్స్ తొడుక్కుంటుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద నూకరాజు పేరు.

ఎప్పటిలాగే ఎత్తలేదు.

మళ్ళీ మోగింది. మూడోసారి చిరాగ్గా ఎత్తితే, వాడి చెల్లెలు గౌరి.

"అన్నయ్యా... అన్న ఇంక లేడన్నయ్యా. రేత్రి గుండె ఆగిపోయింది."

వాడికి ముప్పై ఒకటి. నాతోటివాడు.

స్కూల్లో ఒకే బెంచీ మాది. వాళ్ళిల్లు సముద్రం ఒడ్డున. నాన్న, చిన్నాన్నలు ఇప్పటికీ వేటకెళ్తారు. వాడు వెళ్ళలేకపోయాడు. పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బు. మద్దిలపాలెంలో మొబైల్ రిపేర్ షాప్ పెట్టుకున్నాడు. స్టూల్ మీంచి లేవాలంటే కౌంటర్ పట్టుకోవాలి. నోటికి మాత్రం ఏ ఆసరా అక్కర్లేదు.

నా రీసెర్చ్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పెప్టైడ్స్ అంటే ప్రోటీన్‌లాంటి చిన్న ముక్కలు. కొన్నిటిని నీళ్ళలో వేస్తే వాటంతట అవే చేరి, కంటికి కనపడనంత చిన్న ఉండలు కడతాయి. ఆ ఉండల్లో డీఎన్ఏ పెట్టి బతికున్న కణాల్లోకి పంపడం నా పని. వాడిలాంటి జబ్బుల్లో పాడైన జీన్ బదులు మంచిదాన్ని ఎప్పటికైనా ఇలా పంపొచ్చని ఆశ. అది లోపల పని చేస్తే, మైక్రోస్కోప్ కింద కణం ఆకుపచ్చగా మెరుస్తుంది.

మొదటిసారి మెరిసిన రోజు, ఆ ఫోటో పట్టుకుని సరాసరి వాడి షాప్‌కే వెళ్ళాను.

వాడు ఫోటో పెద్దది చేసుకుని చూశాడు. "అంటే ఏటి బావా, సెక్కలన్నీ వాటికవే అతుక్కుని పడవైపోయి, సరుకెక్కించుకుని ఎల్లిపోతాదా?"

అంత బాగా నేను మా గైడ్‌కి కూడా చెప్పలేదు.

"మరి నా ఒంట్లోకెప్పుడు ఎక్కిత్తావు?"

అక్కడ నిజం చెప్పాలి. అవి డిష్‌లో పెంచిన కణాలు. ఎలుక దాకా కూడా వెళ్ళలేదు.

"రెండేళ్ళు బావా" అన్నాను.

వాడి మీద జాలితో కాదు. వాడు నన్ను అంత గొప్పగా చూస్తుంటే నాకు బాగుంది. అంతే.

తర్వాత రక్తంలోంచి తీసిన సీరమ్ కలిపి, అంటే ఒంట్లో ఉన్నట్టు చేసి, చూస్తే ఉండలన్నీ గడ్డకట్టుకుపోయాయి. ఎన్ని మార్చినా అంతే. వాడు నెలకోసారి ఫోన్ చేసేవాడు. మొదట్లో "అవుతోంది బావా" అన్నాను. తర్వాత ఎత్తడం మానేశాను.

ఓసారి బస్సు మద్దిలపాలెంలో ఆగితే, షాప్‌లో కూర్చుని కనిపించాడు. కిటికీ దగ్గర మొహం తిప్పేసుకున్నాను.

నిన్న వాళ్ళింటికి వెళ్తే గౌరి నా చెయ్యి పట్టుకుంది.

"జబ్బు గుండెక్కూడా పాకింది, అక్కడ మిషనెట్టాలని డాక్టర్ గారు ఏడాది కిందటే సెప్పారన్నయ్యా. అన్న ఇన్లేదు. బావ మందు వొచ్చేత్తాది, ఈలోగా కోతలెందుకన్నాడు. నువ్వు ఫోనెత్తకపోతే, పన్లో ఉంటాడు, ఇసిగించకూడదు అనీవోడు. అన్నకి సానా దైర్యం ఇచ్చావు."

నేను తల ఊపాను. అవును, తల ఊపి, దండ వేసి వచ్చేశాను.

ఇవాళ పొద్దున మళ్ళీ వెళ్ళి గౌరికీ వాళ్ళ నాన్నకీ మొత్తం చెప్పాను. ఆ మందు లేదని. రెండేళ్ళన్నది నేను కల్పించిన మాటని.

వాళ్ళ నాన్న లేచి బయటికెళ్ళిపోయారు.

"నిజం సెప్తే అన్న ఏటనీవోడు? పోన్లే బావా అనీవోడు. అంతే కదా" అంది గౌరి. తర్వాత లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మన స్కూల్ గ్రూప్‌లో నిన్నటి నుంచి అందరూ రాస్తున్నారు, చివరిదాకా వాడికి ఆశ ఇచ్చింది నేనేనని. అందుకే ఈ పోస్ట్. ఆపరేషన్ చేయించుకుంటే బతికేవాడా? తెలీదు. చేయించుకోకపోవడానికి కారణం నేను. అది తెలుసు.

దయచేసి కింద "నువ్వు బాధపడకురా" అని పెట్టకండి. వాడి గురించి రాయండి.

నూకరాజూ, క్షమించమని అడిగే మొహం లేదు బావా. వెళ్ళిరా. ప్రశాంతంగా ఉండు.