చలి తగలకూడదని

ఆ షెడ్డులో ఆమెను అందరూ టేపక్క అనేవాళ్లు. ఆ పేరు పెట్టిందెవరో గానీ సరిగ్గానే పెట్టారు. ఎప్పుడు చూసినా మణికట్టుకి టేపు చుట్ట వేలాడుతూనే ఉండేది. ఇంట్లో చిరిగిన కుర్చీకీ టేపే, ఊడిన చీపురుకీ టేపే. "ఇంకా నా నోటికే వేయలేదు" అని మొగుడు ఎకసెక్కాలాడితే, "దానికి సరిపడా వెడల్పుది ఎక్కడా దొరకలేదు" అని అక్కడికక్కడే అంటించేది.

బతికున్న పగడాలను పెట్టెల్లో సర్ది దూరప్రాంతాలకు పంపడం ఆమె పని. పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేరు! ఇవి ఉప్పునీళ్ల ట్యాంకుల్లో మెత్తగా ఊగుతూ బతికే ప్రాణులు. హాల్లో అద్దాల తొట్టి పెట్టుకుని మురిసిపోయేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంటారు. నీళ్లు పాతిక డిగ్రీల దగ్గర ఉంటే అవి హాయిగా ఉంటాయి. ఇంకాస్త వేడెక్కితే ఉడికిపోతాయి, బాగా చల్లబడితే ప్రాణం వదిలేస్తాయి. అబ్బో, మహారాణులకైనా అంత నాజూకు ఉండదు. అందుకని నీళ్ల సంచీని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, చలికాలమైతే మూత లోపలివైపు కాగితం చుట్టిన హీట్‌ప్యాక్ ఒకటి అంటిస్తారు. అందులో ఉండేది పొడి. గాలి తగిలితేనే వేడెక్కుతుంది. కాబట్టి మూతకి రెండు చిల్లులు పొడవాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి నేర్పేది టేపక్కే. "అదీ మనలాంటిదేనర్రా, ఊపిరాడకపోతే చల్లబడిపోతుంది" అనేది.

కొన్నేళ్ల కిందట వచ్చిన సరుకులో ఒక పగడం దాదాపు చచ్చిపోయే వచ్చింది. బూడిదరంగుకి తిరిగి కంపు కొడుతోంది. ఓనరు ముక్కు మూసుకుని "చెత్తలో పారెయ్" అన్నాడు. ఆమెకు చేతులు రాలేదు.

"నేను ఉంచుకోనా సార్?"

"నీదే పో! పెంచుకో, పండగ చేసుకో" అని ఓనరు పకపకా నవ్వాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా విన్నారు.

కుళ్లినదంతా కత్తిరించేస్తే బొటనవేలి గోరంత మిగిలింది. దాన్ని చివరి ట్యాంకులో ఒక మూల రాయికి అతికించింది. మధ్యాహ్నం అందరూ టీ తాగుతుంటే ఆమె అక్కడ నిలబడి సిరా ఫిల్లర్‌తో దానికి మేత వేసేది. పిల్లల్లేక దాన్ని పెంచుకుందని కొందరు అన్నారు. పిచ్చిమాటలు! ఇద్దరు కొడుకులున్నారు, ఇద్దరూ రోజూ ఆమె చేత తిట్లు తింటూనే ఉన్నారు. అందరూ పోయిందనుకున్నది తన చేతిలో బతికింది కదా, అదీ ఆమె మురిపెం. అది మెల్లగా అరచేయంత అయింది, తర్వాత పళ్లెమంత అయింది. ముదురాకుపచ్చ ఒళ్లు, మధ్యలో నారింజరంగు నోళ్లు. చూడడానికి రెండు కళ్లూ చాలేవి కావు.

చూసిన ఇంకో రెండు కళ్లు ఒక కస్టమరువి. ఫోన్లో ఫొటో చూసి అదే కావాలని పట్టుబట్టాడు. ఓనరు వచ్చి, "ఆ మూల ఉన్న పచ్చది రేపు పంపాలి. నువ్వే ప్యాక్ చెయ్యి, ఇంకెవరి చేతికీ ఇవ్వకు" అన్నాడు.

టేపక్క ట్యాంకుకి అడ్డంగా వచ్చి నిలబడింది. "అది నాది కదా సార్?"

"నీదా? ట్యాంకు ఎవరిది? ఉప్పు ఎవరిది? కరెంటు బిల్లు మీ ఆయన కడుతున్నాడా?"

"ఆ రోజు మీరే అన్నారు, నీదే పో అని."

"ఏదో మాటవరసకి అన్నాను. దానికే పట్టా రాసిచ్చినట్టు మాట్లాడతావేంటి?"

మాటవరసకట! ఆ వరస పట్టుకునే ఆమె ఇన్నేళ్లూ దానికి కాపలా కాసింది. ఒళ్లు మండిపోయింది. కానీ మండిన ఒళ్లు ఎక్కడ చూపించాలో తెలియక ఇంటికెళ్లి మొగుడికి చూపించింది.

అతనికి అంతకంటే మండింది. "నీకు రోషం లేదూ? నేనైతే ఇంత సబ్బునీళ్లు అందులో పోసి వచ్చేవాణ్ణి. వాడికీ దక్కకుండా పోయేది."

"నోరు ముయ్యి. అదేం పాపం చేసింది? ఎవరింట్లో అయితేనేం, బతికితే చాలు."

అదీ ఆమె కోరిక. దక్కదని తేలిపోయాక, కనీసం ప్రాణాలతో చేరాలని.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే మొహం కోసుకుపోయేంత చలి. టేపక్క ఆ పెట్టె సర్దిన తీరు చూడాల్సింది. సంచీ మీద సంచీ వేసింది. చుట్టూ కాగితం దట్టంగా కూరింది. చేతిలో పట్టుకుని వేడెక్కిందని నమ్మకం కుదిరాకే హీట్‌ప్యాక్ అంటించింది. మూతకి రెండు చిల్లులు పొడిచింది. అంతా సవ్యంగానే చేసింది. పెట్టె ఎత్తుకుని వ్యాను దగ్గరికి వెళ్లేసరికి ఈదురుగాలి రివ్వున కొట్టింది. ఆమె గబుక్కున చిల్లుల మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అయ్యో, దీనికి చలేస్తుందే అనిపించింది. కళ్లనిండా నీళ్లు, కడుపులో ఉడుకు. మణికట్టుకున్న టేపు లాగి ఆ రెండు చిల్లులూ మూసేసింది. పైగా ఊడిపోకుండా బొటనవేలితో అదిమి మరీ రుద్దింది. ఎంతమందికి నేర్పిన పాఠమది! ఆ క్షణాన ఎటు పోయిందో ఏమో. వ్యాను వెళ్లిపోయింది.

పెట్టె చేరిన రోజున ఓనరు ఆమెను పిలిచి అందరి ముందూ ఫోన్ మొహం మీద పెట్టాడు. కస్టమరు తీసి పంపిన వీడియో. మూత మీద చిల్లులకు టేపు అంటించి ఉంది. సంచీలో నీళ్లు పాలు విరిగినట్టు తెల్లగా ఉన్నాయి. అందులో పచ్చదనం ఎక్కడా లేదు. కస్టమరు హీట్‌ప్యాక్ చేత్తో నలుపుతున్నాడు. పూర్తిగా పనిచేసిన ప్యాక్ రాయిలా గట్టిపడుతుంది, అది మాత్రం మెత్తగానే ఉంది. "మంచులా ఉందండీ, అసలు పనే చేయలేదు" అంటూ తిడుతున్నవాడు ఉన్నట్టుండి ఆగి, "అరే, ఇప్పుడు వేడెక్కుతోందే!" అన్నాడు.

టేపక్కకు తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది.

"చెప్పు, చేతకాక చేశావా, కావాలని చేశావా?" అన్నాడు ఓనరు. ఆమె ఇంకా ఆ వీడియోనే చూస్తోంది. అతను కాస్త తగ్గాడు. "పొరపాటైతే పొరపాటని చెప్పు. ప్యాకింగ్ మానేసి ట్యాంకులు కడుక్కుందువుగాని, ఉద్యోగం ఉంటుంది. అయినా పోయింది నా సరుకు. నీకేం పోయింది?"

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఆమె పొరపాటనే చెప్పేదేమో. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నా పగడం, నా ఇష్టం" అంది. "కావాలనే మూశాను."

ఆ పూటే బయటికి పంపేశారు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లెవరూ తలెత్తి చూడలేదు.

ఇంటికొచ్చి ఉద్యోగం పోయిందని, ఓనరుతో తను ఏమందో చెప్పింది. మొగుడు తిడతాడనుకుంది. అతను తొడ చరిచి లేచాడు. "అద్దీ! ఇన్నాళ్లకి రోషం చూపించావ్. వాడి తిక్క కుదిరింది!"

"కావాలని చేయలేదయ్యా" అంది ఆమె. "చలి తగులుతుందేమోనని మూశాను. నేనే చంపుకున్నాను."

అతను ఆమె మొహంలోకి చూసి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. "ఇన్నేళ్లు పెట్టెలు కట్టినదానివి, చిల్లులెందుకో నీకు తెలియదా? నా చెవిలోనే పువ్వులు పెడతావేంటే!"

"నీ మీద ఒట్టు, నిజం."

"సరేలే, బయట అడిగితే అలాగే చెబుదాం" అని కన్నుగీటి, అతను వసారాలోకి వెళ్లి పక్కింటాయన్ని కేకేశాడు. "ఇలా రండి, మా ఆవిడ ఏం చేసి వచ్చిందో చెప్తాను!"