సుందర్‌రాజ్ చూపించిన బెత్లెహేము

అబిడ్స్‌లో సుందర్‌రాజ్ సినిమా మిషన్ తిప్పుతుంటే నాంపల్లి స్టేషన్లో రైళ్లు ఆగి చూసేవి. నమ్మకపోతే మీ ఇష్టం. మెట్రిక్ మూడుసార్లు తప్పినవాణ్ణి, అబద్ధాలాడేంత చదువు నాకెక్కడిది?

పగలంతా ఆయన పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలకు ముద్రలు కొట్టేవాడు. ఆదివారం సాయంత్రం చర్చి హాల్లో తెర కట్టి, మైకు పట్టుకుని, ఏ దేశం బొమ్మ పడినా తనకు తోచిన కథ తెలుగులో చెప్పేవాడు. ఆ మిషన్ ఎంత బరువంటే, నాంపల్లిలో రిక్షా ఎక్కిస్తే ముందుచక్రం గాల్లోకి లేచి, అబిడ్స్ దాకా రెండు చక్రాల మీదే వచ్చేది. పెళ్లి చేసుకోలేదు గానీ, మిషన్‌కు నూనె వేసేటప్పుడు మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోయేవాడు.

1971లో ఆ మిషన్ చేజారే రోజొచ్చింది. హాలు సెక్రటరీ జగన్మోహనరావు పిలిచి, "సుందర్‌రాజ్, నీ కతలు జర ఎక్కువైనయి. ఈసారి జనం నవ్విన్రంటే మిషన్ పెట్టె తాళంచెవి ఇచ్చి పోవాలె" అన్నాడు.

ఆ వారమే నబీల్ వచ్చాడు. పాలస్తీనా నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. నాంపల్లిలో కిరాయి గది, ఇరానీ హోటల్లో నేర్చిన ఉర్దూ. బెత్లెహేము పక్కనున్న తమ ఊరిని వాళ్లన్న సినిమా తీసి పంపాడట. మాటల్లేవు, బొమ్మే. బెత్లెహేము అనే మాట చెవిన పడ్డాక సుందర్‌రాజ్ ఇంకేమీ అడగలేదు.

హాలు నిండింది. తెర మీద ఒక గడ్డపాయన గాడిదను నడిపించుకుంటూ వచ్చాడు.

"అదిగో, యోసేపు!" అన్నాడు సుందర్‌రాజ్.

ఆడవాళ్లు గబగబా కొంగులు తల మీదికి లాక్కున్నారు. మగవాళ్లు చాపల మీంచి లేచి నిలబడ్డారు. యోసేపు ఆగి, జేబులు తడుముకుని, సిగరెట్ ముట్టించాడు.

ఆ నవ్వుకు మొజంజాహి మార్కెట్ గడియారం ఐదు నిమిషాలు వెనక్కి నడిచింది. జగన్మోహనరావు తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

"ఆయన మా చిన్నాయన. బడిపంతులు" అని నబీల్ ఉర్దూలో గొణిగాడు.

సుందర్‌రాజ్ మైకు దగ్గరికి తీసుకున్నాడు. "నాకేం తెల్వదు. తెల్సినట్టు చెప్పిన, తప్పయింది. ఇగ ఈ తమ్ముడు చెప్తడు, నేను తెలుగు చేస్త. తాళంచెవి ఆఖర్ల ఇస్త సార్."

అప్పుడు కనిపించింది అసలు ఊరు. దుప్పట్లు పరిచి ఒలీవ కాయలు రాల్చేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, కొట్టుకునే పిల్లలు. ఆ తోటల మీంచి సైన్యం రోడ్డు వేస్తానంటే, ఊరంతా వెళ్లి బుల్‌డోజర్ ముందు కూర్చుంది. చేతుల్లో రాయి లేదు, కర్ర లేదు. ఒక ముసలమ్మను ఇద్దరు సిపాయిలు ఎత్తి పక్కన పెట్టారు. ఆమె బట్టలు దులుపుకుని వచ్చి అక్కడే కూర్చుంది. మళ్లీ ఎత్తారు. మళ్లీ వచ్చింది.

"లేవకు అవ్వా, కూసో!" అని అరిచింది నర్సు సుగుణమణి.

బుల్‌డోజర్ ఆగిందో లేదో తేలకముందే రీలు అయిపోయింది. మిగతాది వాళ్లన్న ఇంకా తీస్తున్నాడట.

జగన్మోహనరావు లైటు వేశాడు. "అయిపోయింది, లేవుర్రి. సుందర్‌రాజ్, తాళంచెవి."

సుందర్‌రాజ్ జేబులో చెయ్యి పెట్టాడు. సుగుణమణి మాత్రం కదల్లేదు.

"ఇంకోపారి చూస్తం. ఆయన తిప్పితేనే చూస్తం."

లేచినవాళ్లు ఒక్కొక్కరే మళ్లీ చాపల మీద చతికిలబడ్డారు.

"ఏందమ్మా గిది?"

"ఎత్తి బయట పెట్టుర్రి సార్. మళ్లొచ్చి గీడనే కూసుంట."

సెక్రటరీ ఆమె ఒడ్డూ పొడుగూ చూశాడు. ఆమెను ఎత్తాలంటే గూడ్స్ షెడ్డు నుంచి క్రేన్ రావాలి. లైటు తనే ఆర్పి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

సుందర్‌రాజ్ రీలు వెనక్కి చుట్టాడు. తాళంచెవి మాట ఆ రోజే కాదు, ఆ తర్వాత ఆయన మిషన్ తిప్పిన ఏడేళ్లూ ఎవరూ ఎత్తలేదు.