అరబ్బీ మరచిపోయిన రాజేశం

సిరిసిల్ల పక్క నుంచి సౌదీలోని ఉనైజాకు వచ్చిన రాజేశానికి అరబ్బీ ఎంత బాగా వచ్చంటే, అతను మాట్లాడుతుంటే సంతలో ఒంటెలు నెమరు ఆపి తల తిప్పి వినేవి. ఈ సంగతి చెప్పింది రాజేశమే. ఒంటెలు కాదనలేదు కాబట్టి ఖర్జూరం ప్యాకింగ్ హాలులో అందరూ ఒప్పేసుకున్నారు.

బడికి ఏడో తరగతిలోనే సెలవు చెప్పేశాడు. సారు బోర్డు మీద వేసిన లెక్కలో తప్పు పట్టానని, ఆయన చిన్నబోయిన ముఖం చూడలేక తానే బడి మానేశానని అతని కథనం. ఆ లెక్క ఏమిటో మాత్రం అడిగినప్పుడల్లా మారుతుంది. మొదట జుబైల్‌లో షట్‌డౌన్ పనులకు, అంటే ప్లాంట్లు ఆపి చేసే మరమ్మతులకు పైపులు మోశాడు. ఆ తర్వాత ఉనైజా చేరి, ఖర్జూరం పెట్టెలకెత్తే కంపెనీలో ఫోర్‌మన్ అయ్యాడు. ఒకసారి ఇక్కడి మార్కెట్‌లో ముసలి రైతుతో బేరమాడుతుంటే, ఆయన ఆ అరబ్బీకి ముచ్చటపడి నీది ఏ తెగ నాయనా అని అడిగాడట. రాజేశం తడుముకోకుండా "బనీ సిరిసిల్ల" అన్నాడట. ముసలాయన గడ్డం నిమురుకుంటూ ఆలోచించి, ఆ తెగవాళ్లు మా తాతకు బాగా తెలుసు, మంచి గుర్రాలు పెంచేవారు అన్నాడట.

కఫీల్ అబూ సాలెహ్‌కు, అంటే వీళ్లందరినీ వీసా మీద రప్పించుకున్న యజమానికి కూడా ఆ అరబ్బీ మీద గురి ఉండేది. మొన్న కోతల కాలంలో తూకం దగ్గర రైతులు తిరగబడితే రాజేశాన్నే ముందుకు తోశాడు. రాజేశం ఆ తగాదాను మొదటి నుంచి చివరి దాకా అరబ్బీలోనే తేల్చిపారేశాడు. కఫీల్ పక్కనే నిలబడి మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ నవ్వును జాగ్రత్తగా దాచి పెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

ఇక కష్టం సంగతి. ఆ కంపెనీ సుక్కరీ అనే బంగారు రంగు ఖర్జూరాన్ని అందమైన పెట్టెల్లో పెట్టి, సముద్రం అవతల ఉన్న ఒకే ఒక్క దేశానికి పంపేది. ఆ దేశం పేరు చెప్పి దానికి ఉత్తపుణ్యానికి ప్రచారం చేయడం ఎందుకు. అక్కడి పెద్దలు ఒక పొద్దున లేచి బయటి సరుకు మీద సుంకం పెంచేశారు. ఉక్కును చూసి పెంచారో కార్లను చూసి పెంచారో కానీ దెబ్బ వచ్చి ఖర్జూరం మీద పడింది. అక్కడి నుంచి జారి సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి వాళ్ల నెత్తిన పడింది.

ఎగుమతుల ఆఫీసులో పనిచేసే విశ్వనాథం భీమవరం మనిషి. హాలులోకి వచ్చి అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

"సుంకం కట్టేది అక్కడ కొనేవాడేనయ్యా, కానీ నొప్పి మనకి. ఆ రేటు పెడితే వాళ్ల షాపులో మన బాక్సు ఎవడూ ముట్టుకోడు. ఆర్డర్లన్నీ హోల్డ్. కఫీల్ రియాద్ వెళ్లింది దీని గురించే. ప్యాకింగ్ లైను ఉంచాలా మూసేయాలా అని."

లైను మూస్తే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కిస్తారు. రాజేశానికి తన ఎగ్జిట్ కంటే పెద్ద గుబులు మరొకటి ఉంది. హాలులో సగం మంది అతని మాట మీద వచ్చినవాళ్లే. ఖర్జూరం తినే నోరు భూమ్మీద ఉన్నంతకాలం మీ కొలువులకు ఢోకా లేదని ఫోన్లో ఒక్కొక్కరికీ భరోసా ఇచ్చి రప్పించాడు. అందులో ఆఖరున దిగినవాడు అతని సొంత బామ్మర్ది భూమేష్. పెళ్లాం తమ్ముడు. వాడు వెనక్కి పోతే రాజేశం ఇక ఏ ముఖం పెట్టుకుని ఇంటికి ఫోన్ చేస్తాడు?

"బావా, గా తినే నోర్లన్నీ యాడికి పోయినయ్?" అన్నాడు భూమేష్.

"సుంకం కట్టెతందుకు లైన్ల నిలవడ్డయ్. నువ్వు నోరు మూసి డబ్బాలు తుడువు," అన్నాడు రాజేశం.

కఫీల్ ఫోన్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. విమానాశ్రయం గోలలో నుంచి, అలసిన గొంతుతో, కూలీలతో మాట్లాడే పొట్టి అరబ్బీలో మాట్లాడాడు.

"సుక్కరీ మాఫీ. ఖలాస్. కుల్లు ఖలాస్."

సుక్కరీ లేదు. అయిపోయింది. మొత్తం అయిపోయింది. గల్ఫ్‌లో కాలు పెట్టినవాడు మొట్టమొదట నేర్చుకునే మాట ఖలాస్. పని ఖలాస్, కరెంటు ఖలాస్, వీసా ఖలాస్. దాని అర్థం రాజేశానికి తెలియదంటే పైన చెప్పిన ఒంటెలు కూడా నవ్వుతాయి. ఫోన్ జేబులో పెట్టుకుని తల ఎత్తాడు. హాలంతా అతని నోటి వంక చూస్తోంది. సరిగ్గా అప్పుడే దిలావర్ అనే పాకిస్తానీ డ్రైవరు కోల్డ్ స్టోర్ తలుపు దగ్గర అడ్డంగా ఉన్న క్రేట్లను జరుపుతున్నాడు. వాటిలో ఉన్నది కఫీల్ మేనమామ తోటలో పండిన గోధుమ రంగు ఖర్జూరం. సుంకం దేశం సుక్కరీ తప్ప మరొకటి ముట్టదు కాబట్టి అవి అక్కడే మూలుగుతున్నాయి. ఆ రకం ఖర్జూరం పేరు కూడా ఖలాసే.

రాజేశం బుర్రలో బల్బు వెలిగింది. ఆ వెలుతురు రియాద్ దాకా కనిపించిందని అతను తర్వాత చెప్పుకున్నాడు.

"కఫీల్ ఆర్డర్ ఇచ్చిండు. సుక్కరీ వద్దంట. ఖలాస్ ప్యాక్ చెయ్యాల్నంట. కుల్లు ఖలాస్, ఉన్నదంతా," అన్నాడు.

భూమేష్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బావా, ఖలాస్ అంటే ఖలాస్ గాదా?"

"అరబ్బీ నీకెరుకనా నాకెరుకనా?"

అంత పెద్ద పండితుడు అలా అడిగాక ఇంకేం మాట్లాడతారు. అందరూ పనిలో దిగారు. మూలన ఒక చిన్న మిషన్ దుమ్ము పట్టి ఉంది. ఎప్పుడో విమానాల వాళ్ల కోసం కొన్నది, ఒక్కో కవరులో మూడేసి పండ్లు పెట్టి మూతి అంటిస్తుంది. దాన్ని తుడిచి నడిపించమన్నాడు రాజేశం. ఎందుకంటే అతనికి జుబైల్ గుర్తుకొచ్చింది. షట్‌డౌన్ కాలంలో అక్కడ వెల్డర్లు, ఫిట్టర్లు వేలల్లో దిగుతారు. అందరికీ మధ్యాహ్నం అన్నం డబ్బాలో ఒక అరటిపండు వచ్చేది. ప్లాంటు వేడికి అది తినే వేళకు నల్లగా కమిలిపోయేది. ఒక వెల్డరు చల్లగా ఉంటుందని దాన్ని హెల్మెట్‌లో దాచుకుంటే, జారిన గుజ్జు చూసి మెదడు కరిగిందనుకుని అంబులెన్స్ పిలిచారట. మూడు ఖర్జూరాలైతే ఎంత వేడికైనా చెక్కుచెదరవు. పైగా జుబైల్‌కు పంపే సరుకు సముద్రం దాటదు. ఏ దేశం సుంకమూ దాన్ని పట్టుకోలేదు.

జుబైల్‌లో ఆ అన్నం డబ్బాల కాంట్రాక్టు కంపెనీలో స్టోరు చూసేవాడు బాబావలి, కడప మనిషి. ఒకప్పుడు రాజేశంతో ఒకే గదిలో ఉన్నాడు. రాజేశం అతనికి ఫోన్ కొట్టి, రుచి చూడమని సరుకు పంపుతున్నానన్నాడు. మొదటి పెట్టెలు దిలావర్ ట్రక్కులో జుబైల్ బయల్దేరాయి. వెనకే రాజేశం విశ్వనాథం దగ్గరికి వెళ్లి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు. విశ్వనాథం కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"కఫీల్‌కి తెలిస్తే నిన్నూ నన్నూ ఒకే ఫ్లైట్‌లో పంపిస్తాడు. కిటికీ సీటు నాది," అని, బాబావలి కంపెనీకి రేటు కొటేషన్ పంపడానికి కూర్చున్నాడు.

దారిలో వేరే పనులు చూసుకుని మూడో రోజు తిరిగొచ్చిన కఫీల్ అబూ సాలెహ్, కంపెనీ బోసిగా ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే మిషన్ గడగడలాడుతోంది, కవర్లు గుట్టలుగా పడి ఉన్నాయి, కోల్డ్ స్టోర్ దాదాపు ఖాళీ. ఆయన ముఖం ఎర్రబడింది. అరవలేదు. మిషన్ ఆపించి, రాజేశాన్ని ఎదురుగా నిలబెట్టి, ఫోన్‌లో నేనేం చెప్పానని అడిగాడు.

అర్థమైందని ఒప్పుకుంటే యజమాని మాటను కావాలని కాలదన్నినట్టు. అతనితో పాటు అందరికీ ఎగ్జిట్. ఇక మిగిలిన దారి ఒక్కటే. సంతలో ఒంటెల్ని ఆపిన నోరు, బనీ సిరిసిల్ల తెగ పెద్ద నోరు, అందరి ముందూ ఆ మాట అనాలి. పైపులు మోసిన రోజుల్లో కూడా అతని భుజాలు అంతగా వంగలేదు.

"అనా అరబీ మాఫీ మాలూమ్, బాబా," అన్నాడు. నాకు అరబ్బీ రాదు. ఖలాస్ అంటే ఖర్జూరమనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. భూమేష్ నేల చూపులు చూశాడు. అప్పుడు విశ్వనాథం ముందుకు వచ్చి తన ఫోన్ చూపించాడు. బాబావలి కంపెనీ వాళ్లు సరుకు చూశారు, రుచి చూశారు, ఒప్పుకున్నారు. ఈ షట్‌డౌన్ అయ్యేదాకా రోజూ ట్రక్కు కావాలన్నారు. అరటిపండు మానేస్తున్నారు. కఫీల్ ఆ సందేశాన్ని రెండుసార్లు చదివాడు. మేనమామ తోటలో ఇంకా ఎంత ఖలాస్ ఉందని అడిగాడు. తర్వాత మిషన్ వైపు చెయ్యి ఊపాడు, నడపమని.

అప్పుడు లేచిన కేకలకు పక్క తోటల్లో చెట్ల మీదున్న పండ్లన్నీ రాలాయంటారు. చలికాలంలో చెట్ల మీద పండ్లెక్కడివని అడిగే వాళ్లకు ఈ కథ చెప్పడం దండగ. సుంకం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. ఇక్కడ దాని ఊసు ఎత్తేవాడూ లేడు. హాలులో ఒక్కరికీ ఎగ్జిట్ పడలేదు సరికదా, మిషన్‌కు తోడుగా మరొకటి వచ్చింది.

మిషన్ మళ్లీ నడిచిన రోజు సాయంత్రం కఫీల్ వెళ్తూ వెళ్తూ రాజేశాన్ని కారు దగ్గరికి పిలిచాడు. ఈసారి పొట్టి అరబ్బీలో కాదు, తూకం దగ్గర రైతులతో మాట్లాడే నిండు అరబ్బీలో మాట్లాడాడు. కోతల కాలంలో నా తగాదా తీర్చినవాడికి ఇంత తొందరగా భాష ఎలా పోయిందో నాకు తెలుసు అన్నాడు. మీసాల్లో అదే పాత నవ్వు.

"మంచిదే. మళ్లీ నేర్చుకోకు," అన్నాడు.

రాజేశానికి ప్రతి ముక్కా అర్థమైంది. అయినా అమాయకంగా చేతులు తిప్పి, మాఫీ మాలూమ్ అన్నాడు. కారు వెళ్లిపోయింది. హాలులోకి తిరిగి వచ్చేసరికి భూమేష్ ఎదురొచ్చాడు.

"ఏమన్నడు బావా?"

"నాకేమెరుకరా, నాకు అరబ్బీ రాదాయె," అన్నాడు రాజేశం, మీసం దువ్వుకుంటూ. "గల్ఫ్ మొత్తంల అరబ్బీ నేర్చినోళ్లు లక్షల మంది ఉన్నరు. సమయానికి మర్చిపోయినోడు నేనొక్కన్నే."