పేర్లు లేని ప్రార్థన

తబితమ్మకి యాభై ఒకటో ఏట మళ్లీ బడి మొదలైంది. ఎనిమిది శనివారాలు, రాజమండ్రిలో. ధవళేశ్వరంలో ఆటో ఎక్కితే అరగంట. మొదటి శనివారం పొద్దున్న ఆవిడ క్యారేజీలో అన్నం సర్దుకుంటుంటే భర్త ఐజాక్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

“పలకా బలపం పెట్టుకున్నావా? రెండు జడలు వేసుకోవడం మర్చిపోయినట్టున్నావే.”

“నవ్వండి, నవ్వండి. ఆ కాగితం రాకపోతే నా తిరుగుళ్లు బంద్. ఆఫీసులో కుర్చీలో కూర్చుని కూర్చుని, ఆ కోపమంతా సాయంత్రం మీమీదే చూపిస్తాను.”

ఐజాక్ ఇరిగేషన్ ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఆ మాట వినగానే నవ్వు ఆపి, సంచీ అందుకుని ఆటో దాకా మోశాడు.

తబితమ్మ ఒక సేవా సంస్థలో ఇరవై మూడేళ్లుగా ఇళ్లకి తిరిగే పని చేస్తోంది. బ్యారేజీ దాటితే అవతల గోదావరి పాయల మధ్య లంక ఊళ్లు ఆవిడవి. బడి మానేసిన ఆడపిల్లలు, తాగొచ్చి కొట్టే మొగుళ్లు, ఆసుపత్రికి వెళ్లడానికి భయపడే బాలింతలు. చదివింది పదో తరగతి. ఇప్పుడు సంస్థవాళ్లు కొత్త నియమం పెట్టారు. శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్టు తెచ్చుకోని వాళ్లు మార్చి నుంచి ఎవరి ఇంటి గడపా తొక్కకూడదు. ఆఫీసులో కాగితాలు చూసుకోవాలి. జీతంలో మార్పు ఉండదు. అయినా తబితమ్మకి ఆ కుర్చీ సంగతి తలుచుకుంటేనే కాళ్లు లాగేవి.

ఆవిడ పనిచేసే తీరే వేరు. ఎవరింటికి వెళ్లినా ముందు ఏమీ అడగదు. ఆ ఇల్లాలు చింతపండులో గింజలు తీస్తుంటే తనూ పక్కన చతికిలబడి నాలుగు రెబ్బలు అందుకుంటుంది. చేపలు తోముతుంటే బూడిద దగ్గరికి జరుపుతుంది. అంట్లు ముందేసుకుని ఉంటే కొబ్బరి పీచు తీసుకుంటుంది. “మొహంలో మొహం పెట్టి అడిగితే ఎవరు చెబుతారండి? చేతులు పనిలో పడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది” అంటుంది. ఇళ్లల్లో పుస్తకం బయటకి తీయదు. వచ్చేటప్పుడు షేర్ ఆటోలో, బ్యారేజీ మీద గాలికి కాగితం ఎగిరిపోకుండా మోచేత్తో నొక్కిపెట్టి రాసుకుంటుంది. అందుకే ఆవిడ అక్షరాలన్నీ ఒకవైపుకి ఒరిగి ఉంటాయి.

క్లాసులో ముప్ఫై మంది. అందరూ పాతికేళ్ల వాళ్లే. పాఠం చెప్పే పృథ్వీ కూడా ఆవిడ కొడుకు ఈడువాడు. మూడో వారం అతను ఒకమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, “తబితమ్మగారూ, ఈమెకి ఇంట్లో ఏదో కష్టం ఉందనుకోండి. మాట్లాడించండి” అన్నాడు.

ఆవిడ ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. తీసింది. మళ్లీ పెట్టుకుంది.

“నువ్వేం పని చేస్తున్నావమ్మా ఇప్పుడు?”

“ఏమీ లేదండి, నటిస్తున్నానండి.”

క్లాసంతా గొల్లుమంది. తబితమ్మ లేచి పృథ్వీ బల్ల మీద కట్ట విడిపోయి ఉన్న కాగితాలన్నీ తెచ్చి సగం ఆ అమ్మాయి ఒళ్లో పోసింది. “ఇవి నంబర్ల వారీగా సర్దాలంట. పట్టు” అంది. పది నిమిషాలు తిరక్కుండా ఆ అమ్మాయి నటన మర్చిపోయింది. సొంత అక్క సంగతేదో చెబుతూ ముక్కు చీదుకుంది. పృథ్వీ బోర్డు మీద రాసినవి చెరిపేసి, ‘ముందు పని, తర్వాత ప్రశ్న’ అని రాశాడు. ఆ సాయంత్రం ఐజాక్‌కి ఈ సంగతి నాలుగుసార్లు వినక తప్పలేదు.

ఐదో శనివారం పాఠం, మనల్ని నమ్మి చెప్పిన మాట మనలోనే దాచుకోవడం గురించి. మొగుడికి చెప్పకూడదు, పక్కింటివాళ్లకి చెప్పకూడదు, ఫోన్లో ఫొటో పెట్టకూడదు. తబితమ్మ తల ఊపుతూ కూర్చుంది. ఇవన్నీ ఆవిడకి కొత్తకాదు. కట్టుకున్నవాడికి కూడా ఒక్క ముక్క చెప్పి ఎరగదు. చివర్లో పృథ్వీ, “అనుమానాలుంటే అడగండి” అంటే, ఏదో ఒకటి అడగాలి కదా అన్నట్టు లేచింది.

“ప్రార్థనలో పేరు చెబితే తప్పులేదు కదండీ?”

“మనసులోనా అండీ, పైకా?”

“పైకేనండి. బుధవారం బుధవారం మా చర్చి స్త్రీల సమాజంలో మనవులు చెప్పుకుంటాం. ఫలానావాళ్లకి ఫలానా కష్టం అని చెబితేనే కదండీ, అందరూ ఆమెన్ అనేది.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పృథ్వీ నవ్వలేదు.

“ఎంతమంది ఉంటారండి?”

“నలభై మంది దాకా.”

ఆ లెక్క తన నోటినుంచే విని తబితమ్మ కూర్చుంది. ఆవిడకి బేబి గుర్తొచ్చింది.

బేబిది లంక ఊరే. రెండేళ్ల కిందట కాన్పు అయ్యాక ఆ పిల్లకి నిద్ర పట్టేది కాదు. బిడ్డ ఏడుస్తుంటే గోడవైపు చూస్తూ కూర్చునేది. ఎత్తుకోబుద్ధి కావడం లేదని తబితమ్మ ఒక్కదానికే చెప్పుకుంది. తబితమ్మ కంటి డాక్టరు దగ్గరికని చెప్పి అత్తగారిని ఒప్పించి, మూడుసార్లు రాజమండ్రిలో మనోవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మాత్రలు బియ్యం డబ్బాలో దాచారు. రెండు నెలలకి బేబి నవ్వింది. ఆ బుధవారం తబితమ్మ ఆనందం పట్టలేక సమాజంలో మోకరించి, “ప్రభువా, లంకలో మా బేబికి ఆ మందులు పనిచేసేలా చేశావు, నిద్రనిచ్చావు, బిడ్డని ఎత్తుకునే మనసునిచ్చావు” అని కృతజ్ఞత చెప్పింది. నలభై గొంతులు ఆమెన్ అన్నాయి.

పై వారం వెళ్తే బేబి తలుపు తీయలేదు. లోపలి నుంచే, “మీరు రావద్దండి” అంది. అత్తగారు కట్టడి చేసిందనుకుంది తబితమ్మ. రెండేళ్లుగా ఆ వీధిలోకి వెళ్లినప్పుడల్లా ఓ కేక వేసి, జవాబు లేక వచ్చేస్తోంది. ఆ అత్తగారి మనసు మార్చమని కూడా ప్రార్థన పెట్టింది, పేరుతో సహా.

ఆ రోజు ఇంటికొచ్చి ఆవిడ అన్నం ముట్టలేదు. ఎవరి పేరూ లేకుండా ఆవిడ చెప్పింది విని ఐజాక్, “దేవుడి దగ్గర దాపరికం ఏంటే?” అన్నాడు.

“దేవుడికి ముందే తెలుసండి. అచ్చాయమ్మకి తెలీదు కదా!”

అచ్చాయమ్మ సమాజంలో ముందు వరస మనిషి. ఆవిడ చెల్లెల్ని ఇచ్చింది ఆ లంక ఊళ్లోనే. ఐజాక్ ఆవిడ అన్నం పళ్లెం మీద మూత పెట్టాడు.

ఆఖరి శనివారం ఒక్కొక్కరూ తాము చేసిన పనిలోంచి ఒక కేసు, సంస్థ కార్యదర్శి జోగేశ్వరరావుగారి ముందు చెప్పాలి. దాన్నిబట్టే సర్టిఫికెట్టు. తను పొరపాటు చేసిన కేసే చెప్పాలని తబితమ్మకి పట్టుదల వచ్చింది. కానీ బేబి సంగతి బేబిని అడక్కుండా చెబితే మళ్లీ అదే తప్పు. అందుకని గురువారం బ్యారేజీ దాటి వెళ్లింది.

తలుపు బార్లా తీసే ఉంది. అత్తగారు తోటకి వెళ్లినట్టుంది. బేబి వసారాలో కూర్చుని, పూలు కట్టుకునే వాళ్లకి అమ్మడానికి ఎండిన అరటి దొప్పల నుంచి నార చీలుస్తోంది. రెండేళ్ల పాప పక్కనే నార పోగులు మెడకి చుట్టుకుని ఆడుకుంటోంది. తబితమ్మని చూసి బేబి లేవబోయింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకునే వ్యవధి లేక మళ్లీ కూర్చుంది.

తబితమ్మ చెయ్యి అలవాటుగా నార కట్ట మీదికి వెళ్లబోయింది. వెనక్కి తీసుకుంది. వీధిలోనే నిలబడింది.

“నీ మాత్రల సంగతి బయటపెట్టింది నేనే బేబీ. ప్రార్థనలో నీ పేరు చెప్పాను. మంచికనుకున్నాను. నాకు ఈ మధ్యే తెలిసొచ్చింది.”

బేబి చేతులు ఆగలేదు. సర్రున ఇంకో పోగు చీల్చింది.

“రెండేళ్లు పట్టిందా అండీ?”

“పట్టింది.”

“పదకొండు రోజులండి. పిచ్చిదాని చేతికి బిడ్డనెలా ఇస్తామని మా అత్తయ్య పాపని పదకొండు రోజులు నాకివ్వలేదు. పాలకి కూడా. నేనెవరికి చెప్పుకోవాలండీ అప్పుడు? చెప్పుకునేది మీకే కదా!”

తబితమ్మ ఎండలో అలాగే నిలబడింది. “మా క్లాసులో నా తప్పు చెప్పుకోవాలనుకుంటున్నాను. నీ పేరూ, ఊరూ చెప్పను. జరిగింది మాత్రం చెప్పమంటావా?” అంది.

“వద్దు.”

“సరే అమ్మా.”

అంతే. చెప్పకపోతే తనకేమవుతుందో తబితమ్మ అనలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది. ఆ రోజు షేర్ ఆటోలో పుస్తకం తీయలేదు.

ఆఖరి శనివారం అందరూ గెలిచిన కథలే చెప్పారు. ఆపిన పెళ్లిళ్లు, మాన్పించిన తాగుడు, పేర్లూ ఊర్లతో సహా. తబితమ్మ వంతు వచ్చింది.

“ఒకావిడ సంగతి చెబుదామనుకున్నానండి. అడిగితే వద్దంది. అందుకని చెప్పను. నేను చేసింది మాత్రం చెబుతాను. ఇరవై మూడేళ్లుగా నన్ను నమ్మి చెప్పినవాళ్ల పేర్లు నేను నలభై మందిలో చెబుతూ వచ్చానండి, ప్రార్థన అనుకుని. ఇంక చెప్పను.”

జోగేశ్వరరావుగారు హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“బాగుందమ్మా. కానీ కేసు లేకుండా మార్కులెలా వేస్తాం? ఇంకోటేదన్నా చెప్పండి. ఇన్నేళ్లలో ఇంకోటి లేదా?”

“ఎందుకు లేవండీ, డెబ్బై ఉన్నాయి. వాళ్లనీ అడగలేదు.”

అంతకుముందు చెప్పి కూర్చున్న కుర్రాడొకడు మెల్లగా తల దించుకున్నాడు. జోగేశ్వరరావుగారు పృథ్వీ వైపు చూశారు.

“సర్, ఈ రోజు ఎవరికీ కాగితాలు వద్దు” అన్నాడు పృథ్వీ. “నేను కూడా ఈ మాట అందరికీ ముందే చెప్పాల్సింది. ఇంకో రెండు వారాలు తీసుకుందాం. అందరూ వెళ్లి అడిగి రండి. ఒప్పుకున్నవాళ్లవే చెప్పండి.”

“తబితమ్మగారూ, మా కొంప ముంచారు కదండీ!” అని వెనక నుంచి ఎవరో మూలిగారు. ఈసారి పృథ్వీ కూడా నవ్వాడు.

తబితమ్మ లంకలో నలుగురిని అడిగింది. ముగ్గురు వద్దన్నారు. నాలుగోది చేపలమ్మే తలుపులమ్మ. తాగి కొడుతున్న మొగుణ్ణి తబితమ్మ సాయంతో దారిలో పెట్టుకున్న మనిషి. తట్ట దింపకుండానే, “చెప్పుకో అమ్మా. నా పేరు చెప్పు, మా ఆయన పేరు చెప్పు, కావాలంటే డోరు నంబరు కూడా చెప్పు. ఆ సచ్చినోడికి సిగ్గన్నా వస్తది” అంది. తబితమ్మకి ఆ కథతోనే సర్టిఫికెట్టు వచ్చింది, మార్చికి నాలుగు రోజుల ముందు. ఐజాక్ దానికి అద్దం కట్టించి, గోడమీద పెళ్లి ఫొటో తీసి దాన్ని పెట్టాడు. ఆవిడ తిట్టి మళ్లీ పెళ్లి ఫొటో పెట్టించింది.

ఆ బుధవారం స్త్రీల సమాజంలో తన వంతు రాగానే తబితమ్మ మోకరించింది. “ప్రభువా, నీకు తెలిసిన ఒక తల్లి కోసం” అని ఆగింది.

“ఏ తల్లి వదినా?” అంది అచ్చాయమ్మ, ఒక కన్ను తెరిచి.

“ఆయనకి తెలుసు. నువ్వు ఆమెన్ అను.”

“పేరు తెలియకపోతే దేని గురించని అనను?”

“అనకపోతే మానెయ్. నేనే అంటాను.” తబితమ్మ ఒక్కతే ఆమెన్ అంది. తర్వాత పాస్టరమ్మగారు అన్నారు. ఒకరిద్దరు అన్నారు. ఆ వారం మనవులు పావుగంటలో అయిపోయాయని చాలామంది సణిగారు.

నెల గడిచాక తబితమ్మ బేబి వీధిలోంచి వెళ్తోంది. కేక వేయలేదు. ఆ గురువారం నుంచి వేయడం మానేసింది. తల దించుకుని దాటిపోతుంటే వసారాలోంచి మాట వినబడింది.

“మీ అచ్చాయమ్మగారు వాళ్ల చెల్లెలింటికి వచ్చారంటండి.”

తబితమ్మ ఆగింది. బేబి నార చీలుస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

“తబితమ్మ ఇప్పుడు ఎవరి పేరూ చెప్పట్లేదు, సమాజం సప్పగా అయిపోయింది అని ఊరంతా చెప్పుకుని ఏడుస్తున్నారంట.”

“అవునా.”

“నాలుగు వారాలబట్టీ ఇదే ఏడుపంట.”

పాప పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుంది. బేబి పక్కనున్న అరటి దొప్పల కట్టని కాలితో ఇవతలికి, గడప వైపుకి నెట్టింది.

“ఎండలో ఎంతసేపని నిలబడతారు? ఇది రేపు పొద్దున్నకి ఇచ్చెయ్యాలి నేను.”

తబితమ్మ చెప్పులు విప్పి వసారా ఎక్కింది. కొంగు నడుముకి దోపుకుని కూర్చుని ఒక దొప్ప అందుకుంది. పోగు సగంలో తెగింది.

“అలా కాదండి, సన్నగా” అంది బేబి.