ఆదివారం నాటి ఎర్ర చుక్క

ఈ సంగతి మా ఆఫీసులో నోటితో చెప్పాను, రాసి ఇచ్చాను, మళ్లీ వెళ్లి అడిగాను. ఇంతవరకు ఒక్కరూ పట్టించుకోలేదు. అందుకే అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

గొర్రెలకు, మేకలకు బీమా చేసే ఒక కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం నాది. రాచర్ల, బేస్తవారిపేట వైపు తిరుగుతాను. చేరినప్పుడే నా ఫోన్‌లో ఒక యాప్ వేశారు. నేను కాసేపు ఎక్కడ ఆగినా ఆఫీసు కంప్యూటర్‌లో అక్కడ ఎర్ర చుక్క పడుతుంది.

మా వైపు మంద ఒకచోట ఉండదు. ఎరువు కోసం ఈ వారం ఒకరు, పై వారం మరొకరు తమ చేలో మంద కట్టించుకుంటారు. ఆ చేలకు ఇంటి నంబర్లుండవు. మ్యాపులో చూస్తే నేను బీడులో ఊరికే కూర్చున్నట్టు ఉంటుంది. దాంతో మేనేజరు ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి సోమవారం గిద్దలూరు ఆఫీసులో మా చుక్కలన్నీ ప్రొజెక్టరుతో గోడ మీద వేసి, అందరి ముందు సంజాయిషీ అడిగేవాడు.

"ఏందయ్యా, ఈడ చెట్టు గూడా లేదే. యాడ పండుకున్నావ్?"

"గొర్రెల మధ్యన సార్. మెత్తగుంటాది."

అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ని.

గొర్రె చస్తే కాపరి ఏ రోజైనా ఫోన్ చేస్తాడు. అందుకని ఆదివారం కూడా ఫోన్ ఆపను. ఒక ఆదివారం మా చెల్లెల్ని మార్కాపురంలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. కాన్పు తర్వాత ఆమెకు నిద్ర పట్టడం లేదు, బిడ్డను ఎత్తుకోవాలన్నా భయపడుతోంది. అత్తగారింట్లో చెప్పలేదు. బజారుకని చెప్పి నాతో వచ్చింది.

మరునాడు ఆ చుక్క కూడా గోడ మీద పడింది.

"ఇదేం మందయ్యా? పిచ్చి డాక్టరు ఆస్పత్రి గదా!" అన్నాడు మేనేజరు.

"గొర్రెలకు పిచ్చి లేసిందేమో సార్" అని వెనక నుంచి ఎవరో అందించారు.

"సొంత పని సార్" అన్నాను.

"నీకా, మీ ఇంట్లోవాళ్లకా?"

చెల్లెలి మరిది కూడా మా కంపెనీలోనే పనిచేస్తాడు. ఆ గదిలోనే ఉన్నాడు. వదిన ఆదివారం ఎవరితో వెళ్లిందో అతనికి తెలుసు. సాయంత్రానికి వాళ్లింట్లో గొడవ మొదలైంది. అప్పటినుంచి చెల్లెలు డాక్టరు దగ్గరికి రానంటోంది. మందులు కూడా మానేసింది.

"ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాలేమ్మా" అన్నాను.

"నువ్వు పెట్టినా, మీ ఆఫీసువాళ్లు చూడకుండా ఉంటారని నేనెట్ల నమ్మాలన్నా?"

మేనేజరును అడిగితే, చేరినప్పుడు నేను ఒప్పుకున్నానన్నాడు. ఒప్పుకున్నది పని చూడడానికి. మా ఇంటి ఆడపిల్ల జబ్బును గోడకెక్కించడానికి కాదు.

ఆదివారం నా చుక్కను ఎవరు తెరిచి చూశారు? సెలవు రోజు నన్ను చూడడం మానేశామని కంపెనీ తరఫున రాసి ఇవ్వండి. అది చెల్లెలికి చూపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇస్తారా, ఇవ్వరా? ఏదో ఒకటి చెప్పండి.