బుడ్డల పొట్టులో దొరికిన ట్రాన్సిస్టరు

మా చిన్నాన్న చెప్పే కథలో మా మేనత్త దొంగను పట్టుకుంది. అది అబద్ధం. అత్త ఎవరినీ పట్టుకోలేదు, పట్టుకోనివ్వలేదు కూడా.

ఈమధ్య నంద్యాల బస్టాండులో చిన్నాన్న సెల్‌ఫోను పోయింది. అది ఆత్మకూరులో ఒక కుర్రవాడి దగ్గరుందని ఏదో మ్యాపులో చూసి పోలీసులు తెచ్చిచ్చారు. మంచిదే. కానీ ఫోనుతోపాటు ఆ కుర్రవాడి ఫోటో కూడా మా బంధువుల గ్రూపులోకి వచ్చింది. ఆ కాలంలో ఈ మ్యాపులుంటే ఆళ్లగడ్డలో కాయలొలిచే ఆడమనిషి కూడా గంటలో దొరికిపోయేదని చిన్నాన్న దాని కింద రాశాడు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

ఎనభైల మొదట్లో మాట. నంద్యాలలో బడికి సెలవులివ్వగానే నన్ను ఆళ్లగడ్డలో అత్త ఇంటికి పంపేవాళ్ళు. అత్త మిషనరీల బడిలో టీచరు. మామ పోయాక ఆయన వస్తువుల్లో ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వనిది తోలు తొడుగున్న ట్రాన్సిస్టరు ఒక్కటే. దీపాలు పెట్టేవేళకు దాన్ని మామ కుర్చీలో ఉంచి, తాను కింద కూర్చుని వార్తలు వినేది. దాని బ్యాటరీ సెల్లులు నీరసిస్తే గోడమీద ఎండబెట్టేవాళ్ళం. మీకూ గుర్తుండే ఉంటుంది, ఎండకు కాగిన సెల్లు ఇంకో పూట గొంతు విప్పేది. ఆ వేసవిలో మాత్రం ఎంత ఎండబెట్టినా లేవలేదు. అయినా ఆ మూగదాన్నే రోజూ తుడిచి కుర్చీలో పెట్టేది.

అత్త చేను చూసేది తమ్ముళ్ళిద్దరే. వానలకు ముందు విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశెనక్కాయలు, ఒలిపించడానికి నాయన, చిన్నాన్న నంద్యాల నుంచి వచ్చారు. వీధిలోని ఆడవాళ్ళు వచ్చి పగలంతా వరండాలో కూర్చుని ఒలిచిపోయారు. ఆ సాయంత్రం చూస్తే కుర్చీ ఖాళీ.

నాయన అనుమానం నేరుగా ఒకామె మీదికి పోయింది. మేమంతా అక్కా అని పిలిచే మనిషి. మధ్యాహ్నం నీళ్ళకని ఆమె ఒక్కతే లోపలికి వచ్చిందట, అదే సాక్ష్యం. పోలీసులకు చెబుతానని చెప్పులు వేసుకున్నాడు. అత్త గడపకు అడ్డంగా నిలబడింది. పోలీసులు ఇంటికి వస్తే చాలు, ఈ ఊళ్ళో ఆమెను మళ్ళీ ఎవరూ పనికి పిలవరంది. అందుకని పాత పద్ధతి పెడదామంది.

ఆ పద్ధతి ఇది. ఆరోజు ఇంట్లో మసలిన ప్రతి ఒక్కరూ మరునాడు పొద్దున ఒక గంపెడు బుడ్డల పొట్టు తేవాలి, ఒకరి తర్వాత ఒకరు పెరట్లోకి పోయి కుప్ప పోయాలి. మిగతావాళ్ళు తలుపు మూసుకుని లోపలే ఉండాలి. వస్తువు కుప్పలో దొరికితే, ఎవరు తెచ్చారన్న మాట ఇక ఎత్తకూడదు. ఇంటివాళ్ళకు కూడా మినహాయింపు లేదు.

నాయనకు అదే మింగుడుపడలేదు, అత్తను నిలదీశాడు. "ఏం చేస్తాండావక్కా? మన వస్తువు పోతే మనం గంప మోసేదేంది?"

"మోయకపోతే నువ్వే తీసినావనుకుంటా. పో, గంప తీస్కరా పో."

పొద్దున అందరూ వచ్చారు. నాయన అనుమానించిన ఆ అక్క మాత్రం తన గంప అత్త ముందర దించి, "అందరి ఎదురుగా నాది చూడమ్మా, నాకేం దాపరికం?" అంది. ఒకరిది చూస్తే అందరివీ చూసినట్టేనని అత్త ఒప్పుకోలేదు.

"అట్లయితే నేను కాదని ఎట్ల తెలుస్తాది?"

అత్త పెరటి తలుపు తీసింది. అక్క గంప ఎత్తుకుని పెరట్లోకి పోయింది. అత్త మంచితనాన్ని తలుచుకున్నప్పుడల్లా ఈ మాట దగ్గర నేను ఆగిపోతాను. తీసినవాళ్ళ పరువు కాపాడిన ఆ పద్ధతి, తీయనివాళ్ళకు తమ మాట రుజువు చేసుకునే దారి మూసేసింది. ఈ సంగతి కాలేజీకి పోయాక అత్తతోనే వాదించాను. ఆమె కాదనలేదు.

నాయన పోశాడు, చిన్నాన్న పోశాడు, నా చిన్న చేటతో నేనూ పోశాను. ఆఖరున అత్త మోకాళ్ళమీద కూర్చుని కుప్పను చేతులతో కదిపితే ట్రాన్సిస్టరు బయటపడింది. కొంగుతో దుమ్ము తుడిచి, అలవాటుకొద్దీ మీట తిప్పింది. అది మాట్లాడింది. అత్త దాన్ని ఆపేసి, లోపల పెట్టుకుంది.

ఆ సాయంత్రమే మా ఇంట్లో మాట తప్పారు. అక్కే భయపడి తెచ్చి పెట్టిందని నాయన నవ్వాడు, చిన్నాన్న వంతపాడాడు. మరుసటి ఏడు బుడ్డలు ఒలవడానికి వేరేవాళ్ళను పిలిచారు. అత్త వెతుక్కుంటూ పోతే, అక్క పిల్లల్ని తీసుకుని గడివేముల వైపు కూలికి వెళ్ళిపోయిందన్నారు. ఆమెను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు పోయిన వస్తువు వెనక ఒక ముఖాన్ని కూడా పట్టుకొచ్చి అందరికీ చూపిస్తారు. అప్పుడు ముఖం చూడొద్దని ఒక మనిషి అంత పాటుపడితే, మేమే ఒక ముఖం గీసుకుని నలభై ఏళ్ళు చెప్పుకున్నాం. అత్త లేదు, నాయన లేడు. మా ఇంటి తరఫున ఆ కుప్పలో పొట్టు పోసినవాళ్ళలో మిగిలింది చిన్నాన్న, నేను. అడగకూడదన్న అత్త మాటను ఇన్నేళ్ళూ పాటించినదాన్ని నేనొక్కదాన్నే, ఇక పాటించను. నేనెవరినీ అనడంలేదు. ఎండకు కూడా లేవని ఆ సెల్లులు తీసేసి కొత్తవి వేసింది ఎవరు, చిన్నాన్నా?