యాడికప్పా?

నేను దయ్యాలను నమ్మను. దానికి బలమైన కారణం ఉంది. ఓర్వకల్లు చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. రాళ్ళగుట్టల మీద తెల్లచీర ఆరేసుకునే ఆడమనిషి, ఆఖరి బస్సు దిగినాక వెంటపడి టికెట్టు అడిగే చచ్చిపోయిన కండక్టరు, వీళ్ళంతా మా ఊరి టీ బంకు దగ్గర నా నోట్లోంచి పుట్టి ఊళ్ళ మీద పడ్డవాళ్ళు. కొన్నేళ్ళకు ఆ కండక్టరు కథను నందికొట్కూరులో ఒకడు నాకే చెప్పాడు, వాళ్ళ మేనమామ కళ్ళారా చూశాడని ఒట్టు పెట్టి మరీ. కూరలో ఏం పడిందో వండినవాడికి తెలియదా?

అందుకే ఇప్పుడు నేను చెప్పేది మా ఊళ్ళో ఒక్కడూ నమ్మడం లేదు. బతుకులో ఒక్కసారి నిజం చెప్తుంటే దానికింత అగచాటు.

బోరు ఎండిపోయి చేను బీడు పడ్డాక, నలభై దాటిన వయసులో కువైట్ పోయాను. ఒక పెద్ద కంపెనీ గోడౌనులో పని. పనివాళ్ళ యూనిఫారాలు సైజుల వారీగా సర్దాలి, వచ్చినవాడికి ఇవ్వాలి. ఊళ్ళో మాత్రం స్టోర్ మేనేజరు ఉద్యోగమని చెప్పి విమానం ఎక్కాను. మొదటి కొన్ని నెలలు వాళ్ళు మనల్ని పరీక్షగా చూస్తారు. మాటిమాటికీ ఆలస్యమైతే తిరుగు టికెట్టు చేతిలో పెడతారు. అదే జరిగితే ఇంట్లో పొయ్యి సంగతి అటుంచి, నేనే టీ బంకు దగ్గర కథనైపోతాను. ఆ కథ చెప్పేవాడు నేను కాదు. నా భయమంతా అదే.

ఆ నగరానికి అలవాటు పడటమే ఒక శిక్ష. ఎండాకాలంలో చన్నీళ్ళ పంపు తిప్పితే సలసల కాగే నీళ్ళు పడతాయి. చల్లటివి కావాలంటే స్విచ్చి వేయని గీజరు పంపు తిప్పాలి. ఆదివారం పనికి పోవాలి, శుక్రవారం చర్చికి పోవాలి. మొదటి నెలంతా దేవుడికీ నాకూ వారాలు కలవలేదు. కుబ్బూస్ అని ఒక రొట్టె తింటారు, జొన్నరొట్టెకు జబ్బు చేసి ఒళ్ళంతా వాచినట్టు ఉంటుంది.

నాలుగో అంతస్తులో ఒక గది. నాతో పాటు ఉండేది మస్తాన్, కడప పిల్లోడు, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. వాడు తెల్లవారకముందే బండి తీయాలి. కాబట్టి రోజూ చివరికి తలుపు తాళం వేసేది నేనే. కింద వీధి మలుపులో కంపెనీ బస్సు వస్తుంది. కన్నతండ్రి పరిగెత్తుకుంటూ వచ్చినా ఆగదు.

చేరిన కొత్తలోనే, ఒక పొద్దున తాళం చెవి తిప్పుతుంటే లోపలి నుంచి ఎవరో అడిగారు.

"యాడికప్పా?"

పెద్ద వయసు ఆడగొంతు. కోపం లేదు, ముద్దు లేదు. అరుగు మీద కూర్చుని శనక్కాయలు వలుస్తున్న ముసలామె, తల ఎత్తకుండా, దారిన పోయేవాణ్ణి అడిగినట్టుంది.

బయలుదేరే మనిషిని అలా అడగకూడదు. అడిగితే పోయే పని చెడుతుంది. అడిగించుకున్నవాడు వెనక్కి వచ్చి, కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. అడగకుండా ఉండలేకపోతే "దూరమా?" అనాలి, అంతే. మేం చర్చికి పోయే కుటుంబం, శకునాలు పట్టించుకోవద్దని పాస్టరుగారు చెప్తూనే ఉంటారు. ఆ పాస్టరుగారినే మా అత్త ఒకసారి "యాడికయ్యా?" అని నోరు జారితే, ఆయన స్కూటరుకు స్టాండు వేసి లోపలికొచ్చి, నీళ్ళడిగి తాగి మరీ పోయాడు.

నేనూ తలుపు తెరిచాను. గదిలో ఎవరూ లేరు. మంచాల కింద చూశాను, బాత్రూములో చూశాను. తర్వాత కూర్చున్నాను, నీళ్ళు తాగాను, కిందికి దిగాను. బస్సు వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఇలా కాదని ఒకరోజు వినిపించుకోనట్టే వెళ్ళి లిఫ్టు ఎక్కాను. అది రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. వాచ్‌మన్ వచ్చి తీసేసరికి బస్సు మళ్ళీ పోయింది. చెవుల్లో దూది కుక్కుకుని చూశాను. మాట ఎప్పటిలాగే వినిపించింది. మా కర్నూలు పత్తి అయితే పనిచేసేదేమో!

మస్తాన్ పాత ఫోనేదో గదిలో దాచి ఆ గొంతు మోగిస్తున్నాడేమోనని అనుమానపడి సెలవు రోజున వాణ్ణి నిలదీశాను.

"నాకేం పనప్పా నిన్ను ఆటపట్టించేకి?" అని నవ్వాడు. "ఈ అంతస్తులో పక్కన ఫిలిప్పీనోళ్ళు, ఎదురింట్లో ఈజిప్టోళ్ళు. తెలుగు మాట్లాడే దయ్యం యాడనుంచి వస్తాది? దానికి వీసా ఎవురిచ్చినారు?"

"నువ్వు పోయినాకనే వస్తాది రా."

"వస్తాదిలే దేవదానమప్పా. నువ్వు చెప్పే కథల్లో అన్నీ వస్తాయి."

ఇంకో సంగతి ఉంది. అడగడానికి ముందు, ప్రతిసారీ, స్టీలు గ్లాసు బండల మీద పెట్టిన చప్పుడు అయ్యేది. మా గదిలో స్టీలు గ్లాసే లేదు, అన్నీ ప్లాస్టిక్‌వి. ఈ ముక్క మాత్రం నేను మస్తాన్‌కు చెప్పలేదు, ఊళ్ళో ఉన్న మా ఆడమనిషికీ చెప్పలేదు. కథలు అల్లేవాడికి కొలత తెలుసు. గొంతు దాకా నమ్ముతారు, గ్లాసు కూడా పెట్టామంటే "ఇంక ఆపప్పా" అని లేచిపోతారు.

సూపర్‌వైజరు నన్ను పిలిచాడు. ఎందుకు ఆలస్యమని అడిగితే, పోయేటప్పుడు ఎవరో యాడికని అడుగుతున్నారని నాకొచ్చిన హిందీలో చెప్పాను. "పనికి పోతున్నానని చెప్పొచ్చు కదా" అన్నాడు. అతని మాటలో తప్పేముంది? ఇంకొక్కసారి ఆలస్యమైతే టికెట్టు తెప్పిస్తానని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆడమనిషి సువార్తకు ఫోను చేసి గొంతు సంగతి చెప్పాను.

"నిన్ను ఎవురడుగుతారయ్యా? ఈడ ఇన్నేండ్లు ఉన్నెప్పుడే నువ్వు యాడికి పోతాండావని ఎవురూ అడగల్య."

"నిజం చెప్తాండా సువార్తా. నా పని పోయేటట్టుండాది."

నా గొంతులో ఏం వినిపించిందో ఏమో. "అంత బాధ పడేదానికంటే, దూరమా అని అడగమని దానికే చెప్పగూడదా? పెద్దామె అంటాండావు, ఆమాత్రం పద్ధతి తెలీదా?" అని పెట్టేసింది.

ఎగతాళికే అంది. కానీ మర్నాడు తాళం తిప్పుతుంటే గ్లాసు చప్పుడైంది, "యాడికప్పా?" అని వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. తలుపు తెరవకుండానే, మెట్ల మీద ఫిలిప్పీను పిల్లలు నిలబడి చూస్తున్నా లెక్కచేయకుండా అరిచాను.

"పొద్దున్నే పనికి పోయే మనిషిని యాడికంటావేందమ్మా! అడిగేదుంటే దూరమా అని అడుగు! మీ ఊర్లో నేర్పల్యా?"

మళ్ళీ లోపలికి పోలేదు, నీళ్ళు తాగలేదు. లిఫ్టు ఎక్కలేదు, మెట్ల మీద పరిగెత్తాను. బస్సు తలుపు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి ఎక్కాను.

ఆ మర్నాడు తాళం వేస్తూ ఆగాను. గ్లాసు చప్పుడైంది.

"దూరమా?"

"దూరమే," అన్నాను. నేను అనుకుని అన్నది కాదు, నోటికి వచ్చేసింది. ఆ ఊరొచ్చాక ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఫోనులో ఇంటికి చెప్పేదంతా పెద్ద భవనాలు, ఏసీ, బిర్యానీ. మెట్లు దిగుతుంటే కళ్ళు మసకబారాయి. దుమ్ము అనుకోండి, అక్కడ దుమ్ముకు కొదవ లేదు.

తర్వాత నేనెప్పుడూ బస్సు తప్పలేదు. రోజూ పొద్దున అదే అడగడం, అదే చెప్పడం. కుబ్బూస్‌కు అలవాటు పడ్డట్టే దానికీ అలవాటు పడ్డాను.

ఒప్పందం ముగిసింది. ఊరికి బయలుదేరిన రోజు మస్తాన్ నా పెట్టె కిందికి తీసుకుపోయాడు. నేను తాళం వేస్తూ నిలబడ్డాను. గ్లాసు చప్పుడు లేదు, మాట లేదు. అన్నాళ్ళు ప్రాణం తోడేసిన మనిషి, పోయే రోజున ఒక్కమాట అడగొచ్చు కదా! చిరాకు పుట్టింది. తలుపు తెరిచి లోపలికి పోయి, కూర్చుని, ఎవరూ అడగకపోయినా నీళ్ళు తాగి వచ్చాను. కింద మస్తాన్ హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఊరికొచ్చిన కొద్ది రోజులకు వాడి నుంచి ఫోను వచ్చింది. నేను పోయాక గదిలో వాడొక్కడే ఉంటున్నాడు.

"అప్పా, తాళమేస్తాంటే లోపల గ్లాసు పెట్టిన చప్పుడైంది. స్టీలు గ్లాసు."

గ్లాసు సంగతి వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. "ఊఁ. నిన్నూ యాడికని అడిగిందా?"

"నన్ను కాదప్పా. ఆయప్ప యాడికి పాయ, అని అడిగింది. నిన్నే." మస్తాన్‌కు అబద్ధాలు చేతకావు. బండికి గీత పడితే యజమాని అడగకముందే చెప్పే రకం. "ఏం చెప్పల్లప్పా? తలుపు కాడనే నిలబడుకోనుండా. పనికి టైమైతాంది."

"దూరం పోయినాడని చెప్పు," అన్నాను.

వాడు చెప్పాడో లేదో తెలియదు. ఫోనులో తాళం పడిన చప్పుడు మాత్రం వినిపించింది.

వాడికి మళ్ళీ వినిపించలేదట. ఆమె ఎవరో, మా మాట అక్కడికెలా వచ్చిందో, ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. నేను పుట్టించిన దయ్యాలన్నింటికీ ఊరూ పేరూ చావూ నేనే పెట్టాను. దీనికి ఒక్కటీ దొరకలేదు.

టీ బంకు దగ్గర ఇదంతా చెప్తే, అందరూ శ్రద్ధగా విని చివర్లో ఒకే మాట అంటున్నారు.

"కత శానా బాగుండాదప్పా. ఆ గ్లాసొకటి తీసేయ్, నమ్మేటట్టుంటాది."

నేను పెట్టిన గ్లాసైతే ఎప్పుడో తీసేద్దును.